టీకా గురించి ఫ్యామిలీ గ్రూపులో అడిగాను, తప్పు చేశానా అక్కా?

ఈసారి ఉత్తరం కావలి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. పేరు రాయొద్దంది, ఊరి పేరు కూడా. నోట్‌బుక్కు కాగితాల మీద నాలుగు పేజీలు రాసి, ఫోన్‌లో ఫొటోలు తీసి పంపింది. మూడో పేజీ మీద టీ మరక. అంతా వేయడం కుదరదు కాబట్టి కుదించి చెబుతాను.

ఆమెకి 37 ఏళ్లు, ఇంట్లోనే మిషన్ కుడుతుంది. భర్తది రొయ్యల మేత వ్యాపారం, తెల్లారితే చెరువుల మీదే ఉంటాడు. కూతురు ఎనిమిదో తరగతి, 13 ఏళ్లు. మొన్నామధ్య పిల్లకి జ్వరమొస్తే కావలిలో పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన జ్వరానికి మందు రాసి, చీటీ వెనక హెచ్‌పీవీ అని రాసి, "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా ఇది, పద్నాలుగు దాటకముందే వేయించండి, రెండు డోసులు, ఆరు నెలల తేడాతో" అన్నాడు. బయట ఇరవై మంది ఎదురుచూస్తున్నారని ఈమె ఇంకేమీ అడగలేదు.

ఆ రాత్రి అత్తింటి వాట్సాప్ గ్రూపులో, 71 మంది ఉన్న గ్రూపది, "ఈ ఇంజెక్షన్ మీ పిల్లలకి ఎవరైనా వేయించారా?" అని ఒక్క ముక్క పెట్టి పడుకుంది. తెల్లారేసరికి 140 మెసేజులు. బెంగళూరులో ఉన్న మరిది వీడియో పెట్టాడు, యూనిఫాం వేసుకున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు కుప్పకూలిపోతున్నారు, వెనక తెలుగులో ఎవరో కామెంట్రీ. ఆడబిడ్డ ఖమ్మంలో పిల్లలు చనిపోయారని పాత పేపర్ కటింగు పెట్టింది. ఇంకెవరో, ఇది వేస్తే ఆడపిల్లలకి పిల్లలు పుట్టరు, జనాభా తగ్గించడానికి చేస్తున్న పని అని వాయిస్ మెసేజ్ పంపారు. చివర్లో పెద్దత్తగారు: "అట్టాంటి ఇంజెక్షన్ ఎట్టాంటి పిల్లలకి వేస్తారో తెలుసుకొని అడగాల మా." ఈ మాట కింద మన చెల్లెలు పెన్నుతో రెండు గీతలు గీసింది.

భర్త ఏమో "నన్నడిగితే పోయేదానికి గ్రూపులో ఎందుకు పెట్టినావు" అని విసుక్కుని, "ఇప్పుడొద్దులే" అన్నాడు. అత్తగారు ముఖం చూడటం మానేసింది. ఒంగోలులో ఉండే వరసకు వదిన ఒకామె మాత్రం విడిగా మెసేజ్ పెట్టింది: "మేం మా పాపకి పోయినేడు వేయించాం, ఏం కాలేదు. గ్రూపులో మాత్రం చెప్పకు." అమ్మాయి తల్లి ఫోన్‌లో ఇదంతా చదివి, రాత్రి పక్కలో పడుకొని అడిగిందట, "అది వేస్తే నాకు పిల్లలు పుట్టరు, వేయకపోతే క్యాన్సర్ వస్తది, అంతేనా అమ్మా?"

ఆఖరి పేజీలో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఈమె సొంత పిన్ని 46 ఏళ్లకే పోయింది. అందరూ కడుపులో గడ్డ అన్నారు. చెన్నై తీసుకెళ్లి తెచ్చిన కాగితాలు తర్వాతెప్పుడో చూస్తే అది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రెండోది, 2021లో కోవిడ్ టీకా మొదలైనప్పుడు, నెలసరికి ఐదు రోజులు ముందూ ఐదు రోజులు తర్వాతా ఆడవాళ్లు టీకా వేయించుకోకూడదని ఒక మెసేజ్ తిరిగింది కదా, దాన్ని ఈమె తన తోడికోడలికి పంపింది. తోడికోడలు ఆగింది. మే నెలలో కోవిడ్ వచ్చి నెల్లూరులో 14 రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికి బయటపడింది. ఆ మెసేజ్ గురించి ఇద్దరూ ఇప్పటిదాకా ఒక్కమాట మాట్లాడుకోలేదు.

"ఎవరి మాట నమ్మాలి అక్కా? అసలు నా మాట నేను నమ్మొచ్చా? ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లి వేయించెయ్యనా? మీ చెల్లెలనుకొని చెప్పండి" అని ముగించింది.

---

చెల్లెలనుకోమన్నావు కాబట్టి నువ్వనే అంటాను. ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాను. 29 ఏళ్లు ఏఎన్ఎంగా చేసి రిటైరయినదాన్ని. బుధవారం, శనివారం భుజానికి ఐస్ ప్యాకుల డబ్బా తగిలించుకొని పల్లెలు తిరిగాను. కాబట్టి వైద్యం సంగతులు మీ డాక్టర్ దగ్గర సరిచూసుకో. మనుషుల సంగతి మాత్రం కొంచెం తెలుసు.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ వీడియో కాదు, పెద్దత్తగారి మాట కూడా కాదు. ఒంగోలు వదిన మెసేజ్. "వేయించాం, ఏం కాలేదు, గ్రూపులో మాత్రం చెప్పకు."

140 మెసేజులు ఎంతమంది పెట్టారో లెక్కపెట్టావా? రెండో పేజీలో నువ్వే పేర్లు రాశావు, నేను లెక్కపెడితే తొమ్మిది మంది. 71లో తొమ్మిది. మిగతా 62 మంది చూశారు, ఊరుకున్నారు. కొందరికి ఈ గోల పట్టదు, కొందరికి తెలియదు, కొందరు వదిన మాదిరిగా వేయించి నోరు మూసుకున్నారు. కానీ నీకు కనపడింది మాత్రం "మా ఇంట్లో అందరూ వద్దంటున్నారు" అని. మీ ఆయనకీ అదే కనపడింది, మీ అత్తగారికీ అదే. ఆ 62 మంది ఊరుకోవడం ఆ తొమ్మిది మంది ఖాతాలో పడిపోయింది. గ్రూపుల్లో జరిగేది ఎప్పుడూ ఇదే. టీకా వేయించుకొని బాగున్న పిల్ల ఫొటో ఎవరు పెడతారు చెప్పు? ఏం జరగకపోతే అది వార్తే కాదు గదా.

మన జిల్లాలోనే చూశాం. 2021 మే నెలలో కృష్ణపట్నం ఆనందయ్య మందు. ముత్తుకూరు రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ జనం, అంబులెన్సులు కూడా లైన్లో. ఆక్సిజన్ పడిపోయినవాళ్లు లేచి కూర్చున్నారని వీడియోలు. మందు తీసుకొని లేవనివాళ్ల వీడియో ఎవరైనా తీశారా? నెలాఖరుకి ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చంది, దాంతో కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదని కూడా అప్పుడే చెప్పింది. ఆ రెండో మాట ఎంతమందికి గుర్తుంది? నేనేదో తెలివైనదాన్నని చెప్పడం లేదు, మా ఇంటికీ ఆ లేహ్యం పొట్లం వచ్చింది, ఫ్రిజ్ మీద పెట్టుకున్నాం. భయంలో ఉన్న మనిషికి పక్కింటాయన బతికాడన్న మాట ముందు పెద్ద పెద్ద లెక్కలు ఆనవు.

ఇది మన పిచ్చి మాత్రమే అనుకోకు. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ వాళ్లు ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన వార్తలు తీసి చూశారు. నిజం కంటే అబద్ధాన్ని జనం పక్కవాళ్లకి పంపే అవకాశం 70 శాతం ఎక్కువని 2018లో తేల్చారు. పంపింది ఏ కంప్యూటరో కాదు, మనుషులే. కొత్తగా, ఒళ్లు జలదరించేట్టు ఉంటే వేలు ఆగదు. వాట్సాప్ వాడు కూడా అందుకే 2018లో మన దేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టాడు, 2020లో బాగా తిరిగిన మెసేజులకి ఒక్కరికే అని కుదించాడు. మీ మరిది పెట్టిన వీడియో పైన చూడు, రెండు బాణాలు పక్కపక్కన ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని. అంటే మీ మరిదికి కూడా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియవన్నమాట. ఆయనేదో నీ బిడ్డ మీద పగతో పెట్టాడని అనుకోకు. అన్నబిడ్డ కదా, భయపడి పెట్టాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే తర్వాత పని తేలిక.

ఇప్పుడు ఒక్కొక్కటి విప్పుకుందాం.

ఆ వీడియో నేను చూడలేదు, ఎక్కడిదో చెప్పలేను. కానీ అలాంటిది జరిగిన చోటు ఒకటుంది. కొలంబియా దేశంలో కార్మెన్ దె బొలీవార్ అనే ఊళ్లో 2014లో బడిపిల్లలు ఈ టీకా తర్వాత వరసపెట్టి పడిపోయారు. తలతిరగడం, కాళ్లు మొద్దుబారడం, ఊపిరాడకపోవడం. వీడియోలు దేశమంతా తిరిగాయి. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పరిశీలించి టీకాతో సంబంధం లేదని, భయం ఒకరి నుంచి ఒకరికి పాకిందని తేల్చింది. అయినా ఆ దేశంలో మొదటి డోసు వేయించుకునేవాళ్లు 2012లో 98 శాతం ఉన్నది 2016కి 14 శాతానికి పడిపోయారు. పిల్లలు నాటకమాడారని కాదు సుమా. వాళ్లకి నిజంగానే కళ్లు తిరిగాయి. ఆ వయసు పిల్లలకి ఏ సూది వేసినా కొందరు సొమ్మసిల్లుతారు, అందుకే వేశాక పావుగంట కూర్చోబెట్టమంటారు. బడిలో వరసగా నిలబెట్టి వేసేటప్పుడు మొదటి పిల్ల పడిపోతే ఐదో పిల్లకి వంతు రాకముందే కాళ్లు వణుకుతాయి, నా కళ్లతో చూశాను.

పిల్లలు పుట్టరన్న మాట. ఇది పోలియో చుక్కలకీ అన్నారు, 2017లో తట్టు, రుబెల్లా టీకాకీ అన్నారు. ఆ ఏడు ఫిబ్రవరిలో తమిళనాడులో మొదలుపెడితే వాట్సాప్ దెబ్బకి బడుల్లో తల్లిదండ్రులు ఒప్పుకోక గడువు పొడిగించాల్సి వచ్చింది. మనకి ఆగస్టులో వచ్చేసరికి తడ దాటి ఆ మెసేజులు ముందే వచ్చి కూర్చున్నాయి, టీకా వెనకాల వచ్చింది. హెచ్‌పీవీ టీకా వల్ల సంతానం కలగలేదని ఇప్పటిదాకా ఏ పరిశీలనలోనూ తేలలేదు. నీకు తెలిసిన సంగతి ఒకటి గుర్తుచేస్తాను, మీ పిన్నికి గర్భసంచి ఏమైంది? ఆ జబ్బు వస్తే గర్భసంచి తీసేయడమో, కరెంటు (రేడియేషన్) పెట్టడమో. పిల్లలు పుట్టే దారి మూసేది జబ్బే.

ఇక ఖమ్మం. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మీ ఆడబిడ్డ పెట్టిన కటింగు అబద్ధం కాదు.

2009లో ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో, పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి ఈ టీకా వేశారు. గుజరాత్‌లో వడోదరలో కూడా. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. చనిపోయిన ఏడుగురిలో ఐదుగురు మన రాష్ట్రంవాళ్లే. విచారణ చేస్తే పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, మలేరియా, ఇట్టాంటి కారణాలు తేలాయి, టీకా వల్ల అనడానికి ఏమీ దొరకలేదు. కానీ ఇంకోటి దొరికింది. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. ఏ సూది వేస్తున్నారో పిల్లలకీ తెలియదు, అమ్మానాన్నలకీ తెలియదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

అంటే ఏమిటి? మందులో తప్పు కనపడలేదు, మనుషుల తీరులో తప్పు ఉంది. ఆ తప్పు నిజం కాబట్టే ఈ పుకారు ఇన్నేళ్లయినా చావలేదు. నువ్వు ఆడబిడ్డతో "అదంతా ఫేక్" అంటే ఆమె నీ మాట ఇంక వినదు, ఎందుకంటే ఆమె చేతిలో పేపరుంది. "నిజమే వదినా, వాళ్ల అమ్మానాన్నల్ని అడక్కుండా వేశారు, అది అన్యాయం. అందుకే నేను అడుగుతున్నా, తెలుసుకునే వేయిస్తా" అను. అప్పుడు మాట ముందుకు సాగుతుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. 1990ల్లో సంగతి, అప్పట్లో గాజు సిరంజీలు, స్టవ్ మీద ఉడకబెట్టి వాడేవాళ్లం. సముద్రం వైపు ఒక పట్టపుపాలెంలో ఒక మగపిల్లాడికి సూది వేసిన తొడ వాచి, చీము పట్టింది. తరువాతి బుధవారం పాలెంలో ఒక్క తల్లీ రాలేదు. పైవాళ్లు "సూది వల్ల కాదని చెప్పు, లేకపోతే ప్రోగ్రామ్ దెబ్బతింటుంది" అన్నారు. నేనూ అట్టాగే చెప్పాను, ఆ పిల్లాడి నాయనమ్మ చేపలు తోముతూ నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. నాలుగు వారాలు చెట్టు కింద ఒక్కదాన్నే డబ్బా పెట్టుకొని కూర్చున్నాను. ఐదో వారం వెళ్లి ఆమె దగ్గర కూర్చొని, "అవునమ్మా, సూది వల్లే. ఉడకబెట్టడంలోనో ఎక్కడో నా వల్ల పొరపాటు జరిగింది" అన్నాను. అప్పటికి పుండు సగం మానింది, మిగిలిన సగానికి తొమ్మిది రోజులు పొద్దున్నే బస్సెక్కి వెళ్లి కట్టు కట్టాను. తర్వాతి బుధవారం ముందు వచ్చింది ఆ నాయనమ్మే, చంకలో ఇంకో మనవరాలితో. ఇప్పుడు వాడి పారేసే సిరంజీలొచ్చాక ఆ బాధ లేదనుకో.

పెద్దత్తగారి మాటకొస్తే, దాని కింద రెండు గీతలు గీశావంటే అది ఎంత లోపలికి దిగిందో తెలుస్తోంది. ఆమెకి తెలిసింది ఇంతే, ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ ఆడామగా కలయిక వల్ల వస్తుందని ఎవరో చెప్పుంటారు. వస్తుంది, నిజమే. కానీ పెళ్లి చేసుకొని ఒక్క మనిషితో కాపురం చేసిన ఆడదానికీ వస్తుంది. మీ పిన్ని ఎట్టాంటి మనిషో మీ ఊరంతటికీ తెలుసు కదా. మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా ఆడవాళ్లకి ఈ క్యాన్సర్ కొత్తగా వస్తోంది, దాదాపు 80,000 మంది పోతున్నారు. వాళ్లంతా "ఎట్టాంటి" వాళ్లు? చాలామందికి ఈ వైరస్ వచ్చి దానంతటదే పోతుంది, కొందరిలో పోకుండా పదిహేను ఇరవై ఏళ్లకి జబ్బుగా తేలుతుంది. వైరస్ ఒంట్లోకి రాకముందే టీకా పడాలి, పైగా చిన్న వయసులో ఒళ్లు దానికి బాగా పలుకుతుంది, అందుకే తొమ్మిది నుంచి పద్నాలుగు. పసిబిడ్డకి తట్టు టీకా వేస్తే ఆ బిడ్డకి తట్టు ఉందని కాదు కదా. ఇంగ్లండులో 12, 13 ఏళ్లప్పుడు వేయించుకున్న పిల్లల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో లెక్క తేలింది. ఆ పిల్లలంతా చెడిపోయినవాళ్లా? ఈ ప్రశ్న పెద్దత్తగారిని అడగమనడం లేదు, కోపం నాకు కూడా వచ్చింది, అంతే.

ఇంకో సంగతి. మీ ఇంట్లో పిన్ని జబ్బుకి "కడుపులో గడ్డ" అని పేరు మార్చారు చూడు, ఒంగోలు వదిన "గ్రూపులో చెప్పకు" అన్నది చూడు, రెండూ ఒకే సిగ్గు. జబ్బు పేరు దాచాం, మందు వేయించిన సంగతి దాచాం, ఇక గ్రూపులో మిగిలేది వీడియోలు కాక ఏముంటాయి.

ఇక 2021 సంగతి. దీని గురించి నువ్వు ఆరే లైన్లు రాశావు గానీ ఉత్తరమంతా దీని మీదే నడుస్తోందని నాకనిపించింది. "నా మాట నేను నమ్మొచ్చా" అన్నావు కదా. ఆ నెలసరి మెసేజ్ అబద్ధం, ఆ ఏప్రిల్‌లోనే కేంద్రం కూడా చెప్పింది. నువ్వు పంపకుండా ఉండాల్సింది. అంతవరకు నీ తప్పే, అది లేదని నేననను. కానీ లెక్క చూడు. మీ తోడికోడలికి అప్పుడు 38 అన్నావు. 18 నుంచి 44 వాళ్లకి మే 1 నుంచి అని ప్రకటించారే గానీ టీకాలు చాలక మన రాష్ట్రంలో ముందు 45 దాటినవాళ్లకే వేశారు. నువ్వు ఆ మెసేజ్ పంపకపోయినా ఆ మే నెలలో ఆమెకి సూది దొరికేది కాదేమో. ఒకవేళ దొరికినా వేయించుకున్న మర్నాడే రక్షణ రాదు, వారాలు పడుతుంది. ఆమె 14 రోజులు పడుకున్న పాపమంతా నీ ఫోన్‌లో నుంచే వచ్చిందని ఇన్నేళ్లు మోస్తున్నావు, అంత బరువు నీది కాదు.

అయితే ఆమెకి ఈ లెక్క తెలుసా? తెలియదు. నువ్వు చెప్పలేదు కాబట్టి. నువ్వెందుకు మాట్లాడటం లేదో కూడా ఆమెకి తెలియకపోవచ్చు. గ్రూపులో ఆ 62 మందిలో ఆమె ఒకతి, గమనించావా?

మరి ఏం చేయాలి. నాలుగైదు దారులున్నాయి, దేనికుండే తలనొప్పి దానికుంది.

ఎవరికీ చెప్పకుండా వేయించెయ్యనా అన్నావు. చెయ్యొచ్చు, తల్లివి. కానీ సంగతి నీతో ఆగదు, పదమూడేళ్ల పిల్ల చేత నాన్న దగ్గర, నాయనమ్మ దగ్గర దాపరికం చేయించాలి, రెండు డోసులంటే ఆరు నెలలు. ఈ లోపల పిల్లకి మామూలు జ్వరమొచ్చినా, ఒక నెల తప్పినా నీకు గుండె దడ. బయటపడిందా, "దొంగచాటుగా వేయించింది" అన్న మాట ముందు టీకా మంచిదా చెడ్డదా అన్నది ఎవరూ పట్టించుకోరు. ఖమ్మంలో జరిగిన తప్పు కూడా అదే కదా, అడక్కుండా వేయడం. నాకైతే ఈ దారి నచ్చలేదు, కానీ ఇంట్లో పరిస్థితి నీకు తెలిసినంత నాకు తెలియదు.

మీ ఆయన్ని ఒక్కణ్నే ఒప్పించడం ఇంకో దారి. ఆయన "ఇప్పుడొద్దులే" అన్నాడు, "వద్దు" అనలేదు. ఆయన కోపం టీకా మీద కాదు, గ్రూపులో పెట్టినందుకు. నలుగురిలో చిన్నబోయాడు. చెరువు నుంచి వచ్చి అన్నం తిన్నాక, ఫోన్లు లోపల పెట్టి, పిన్ని కాగితాలు ఆయన చేతికివ్వు. ఇప్పటిదాకా ఆయనకి చూపించావా అసలు? తర్వాత ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, జ్వరం రోజు కాకుండా విడిగా, ప్రశ్నలు కాగితం మీద రాసుకొని. ఇంతకుముందు ఏ సూదికైనా పిల్లకి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయా అన్నది చెప్పండి. పెద్ద అలర్జీ పది లక్షల డోసులకి ఇద్దరికో ఎవరికో వస్తుంది, వేసిన చోట ఉంటే చూసుకుంటారు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, తలనొప్పి మామూలే. ధర ఎంత, ఏ కంపెనీది అడగండి. మన దేశంలో సీరమ్ అనే టీకాల కంపెనీ వాళ్లు చేసినదానికి 2022లో అనుమతి వచ్చింది, బయటిదానికంటే చవక. పీహెచ్‌సీలో ఉచితంగా ఏ వయసు పిల్లలకి వేస్తున్నారో మీ ఆశా కార్యకర్తని అడుగు, డబ్బులు పెట్టేముందు. ఇందులో చిక్కేమిటంటే అత్తగారికి తర్వాత తెలుస్తుంది, కొన్నాళ్లు మూతి ముడుచుకుంటుంది. కానీ కొడుకు నీ పక్కన ఉంటాడు.

గ్రూపులోనే తేల్చుకోవాలని నీకు ఉందేమో. ఒక పెద్ద మెసేజ్, ఆధారాలు, లింకులు. వద్దని చెప్పను గానీ, 71 మంది చూస్తుండగా మరిది తన మాట వెనక్కి తీసుకుంటాడా? నేనైతే ఒక్కొక్కరికి ఫోన్ చేస్తాను. మరిదికి విడిగా, "నా బిడ్డ మీద ప్రేమతో పెట్టావు, నాకు తెలుసు" అని మొదలుపెట్టి. గ్రూపులో నువ్వు ఏదైనా పెట్టాలంటే పిన్ని సంగతి పెట్టు, నాలుగు లైన్లు, జబ్బు పేరుతో సహా, పిన్ని పిల్లల్ని అడిగి. లెక్కలొద్దు. అది పెడితే మాత్రం పర్యవసానం ఉంటుంది, "అమ్మగారి తరఫు జబ్బు" అని మీ పాప పెళ్లి మాటల దగ్గర ఎవరో ఒకరు తీస్తారు, మన మనుషుల సంగతి తెలిసిందే. ఇది వంశంలో వచ్చే జబ్బు కాదు, వైరస్‌తో వచ్చేదని చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ ఓపిక ఉంటేనే పెట్టు.

ఆగడం కూడా ఒక దారే. రెండు మూడు నెలలు ఆగితే కొంప మునగదు. అందరూ చల్లబడ్డాక చూడొచ్చు. కానీ పదిహేను నిండాక మొదలుపెడితే మామూలుగా మూడు డోసులంటారు, ఖర్చు పెరుగుతుంది. "తర్వాత చూద్దాం" అన్నది టెన్త్ పరీక్షల్లో, ఇంటర్ అడ్మిషన్లలో కొట్టుకుపోతుంది. ఆగాలనుకుంటే క్యాలెండర్ మీద ఒక తేదీకి చుట్టు గీసి ఆగు.

వీటన్నిటికంటే ముందు ఇద్దరితో మాట్లాడాలి. ఒకరు నీ కూతురు. ఆ రాత్రి దానికి ఏం జవాబు చెప్పావో నువ్వు రాయలేదు. దాని ప్రశ్నలో రెండు భయాలున్నాయి, రెండూ తప్పే. టీకా వేస్తే పిల్లలు పుట్టకపోవడం లేదు, వేయకపోతే క్యాన్సర్ వచ్చి తీరుతుందనీ లేదు, వేయిస్తే రాకుండా ఉండే అవకాశం బాగా పెరుగుతుంది, అంతే. ఈ మాట దానికి ఈ రోజే చెప్పు, సూది సంగతి ఎప్పుడు తేలినా సరే. ఒళ్లు దానిది, దాన్ని కూడా అడుగు.

రెండోది మీ తోడికోడలు. టీకా కోసం ఆమెని నీ వైపు తిప్పుకోమని కాదు. వట్టిగా వెళ్లు. "అప్పుడు నేను ఆ మెసేజ్ పంపాను, అది తప్పుడు మెసేజ్" అని చెప్పు. ఏమంటుందో నాకు తెలియదు. తిట్టొచ్చు, ఏడవొచ్చు, "ఏ మెసేజ్?" అని కూడా అనొచ్చు.

నీ గురించి ఒక్కమాట. 37 అన్నావు. కూతురి టీకా గురించి నాలుగు పేజీలు రాశావు, నీ పరీక్ష గురించి ఒక్క లైన్ లేదు. ముప్పై దాటిన ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి, పీహెచ్‌సీలో అడిగితే చెబుతారు, ఐదు నిమిషాల పని. మందు పూసి చూస్తారు, అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి రాస్తారు. ముదరకముందే దొరికితే ఈ జబ్బు నయమవుతుంది. మీ పిన్నికి ఈ పరీక్ష ఉందని ఎవరూ చెప్పుండరు. పోతూ పోతూ తోడికోడల్ని కూడా తీసుకుపో, ఆమెకీ వయసు దాటింది.

ఏమైందో మళ్లీ రాయి. వేయించకపోయినా రాయి.